అత్తగారి మౌనవ్రతం

నవంబరు 9, ఆదివారం
హోటలు ఇస్త్రీ గది, మధ్యాహ్నం భోజనాల వేళ

కంచు గారికి, చిలక దణ్ణం పెట్టి రాసుకునేది.

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి కలం ఆపేశాను. మా క్షేమానికేం లోటు లేదు, గుండ్రాళ్ళలా ఉన్నాం. నీ క్షేమం తెలియకే కదా ఇవాళ కాగితం ముందేసుకుని కూర్చుంది! మనిద్దరం మాట్లాడుకుని పద్నాలుగేళ్ళయింది. మీరు అని రాయాలా, నువ్వు అని రాయాలా అని కాసేపు కొట్టుకున్నాను. మీరు అంటే నీకు నవ్వొస్తుంది. గొంతు మానేదాకా నువ్వు నవ్వకూడదట. అందుకని నువ్వే.

నీ గొంతులో కాయ తీశారనీ, మూడు నెలలు పెదవి విప్పొద్దన్నారనీ మంగళవారం నాడు మన మళ్ళీ మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. అవునే, డబ్బింగు ఇన్‌చార్జి మాస్టారే. ఎంత బాగా చెప్పినా అద్దం అవతల నుంచి మళ్ళీ, మళ్ళీ అంటారని మనం పెట్టిన పేరు నా నోట్లోంచి ఇంకా పోలేదు. అయితే ఒక మాట చెప్పనా, ఆయన చెప్పకముందే నీకేదో అయిందని నాకు తెలుసు. సీరియల్ చెప్పింది.

ఆ సీరియల్ నేను మూడేళ్ళుగా చూస్తున్నాను. మా అమ్మాయి నా ఫోన్లోనూ హాల్లో టీవీలోనూ యాప్ పెట్టి ఇచ్చింది. తెరవగానే ఎవరు చూస్తున్నారు అని అడుగుతూ మూడు బొమ్మలు వస్తాయి. వాళ్ళ నాన్న బొమ్మ కింద నిద్ర అనీ, నా బొమ్మ కింద అత్తగారు అనీ రాసిపెట్టింది ఆ పిల్ల. ఆయనకి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. రోజంతా లిఫ్టులు బాగుచేసి వచ్చి, పాత హాస్య చిత్రం ఏదో పెట్టుకుని, మొదటి జోకుకే గుర్రు పెడతారు. రెండు సినిమాలు వాటంతటవే నడిచిపోయాక, ఇంకా చూస్తున్నారా అని టీవీ పాపం మర్యాదగా అడుగుతుంది. లేదండీ అని నేనే చెప్పి కట్టేస్తాను.

నిన్నెలా పట్టుకున్నానో చెబుతాను విను. ఒకరోజు యాప్ దానంతటదే ఏదో కొత్త సీరియల్ మొదలుపెట్టింది. నేను టీవీకి వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎవరో అత్తగారు మెట్లు దిగుతూ, ఏమ్మా లేచావా, లేక మేమే వచ్చి లేపాలా అంది. నా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ముక్కుతో చిన్నగా ఊపిరి లాగి, ఆ ఊపిరి పూర్తవకుండానే మాట అందుకోవటం ఈ భూమ్మీద ఒక్కదానికే వచ్చు. వెనక్కి తిరిగి చూస్తే తెర మీద ఎవరో పొడుగాటి ఆవిడ. సీరియల్ మనదే గానీ, వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకున్న ఆ నటికి మన భాష ముక్క రాదని పెదాలు చూస్తేనే తెలుస్తోంది. పెదాలు ఆవిడవి, ప్రాణం నీది. పది సెకన్లు వెనక్కి వెళ్ళే బొత్తం ఆ పూట ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. మా అమ్మాయి వచ్చి, ఇందులో ఏడవటానికి ఏముందమ్మా అని అడిగింది. ఉల్లిపాయలు అని చెప్పాను.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఇలాంటివి చూస్తారు. ఎందుకని అడిగితే మన వీధులు, మన మనుషులు కనబడతారని చెబుతారు. నాకా మాట ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. సీరియల్లో వీధులెక్కడున్నాయే? ఒక హాలు, వంపు తిరిగిన మెట్లు, ఎవరూ వండని వంటిల్లు. ఆ ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెట్టిన మనిషిని మూడేళ్ళలో నేను చూడలేదు. అయినా నేను చూసేదెక్కడ, చూపంతా ఇస్త్రీ పెట్టె మీదే ఉంటుంది. నేను వింటాను. కళ్ళు ఆర్నెల్లలో ఈ ఊరికి అలవాటు పడిపోయాయి. చెవులకే అలవాటు కాలేదు. ఇక్కడి భాషలో చొక్కా, మరక, ఆవిరి, రేపు ఇస్తాం లాంటి మాటలు గడగడా చెప్పేస్తాను. కోపం వస్తే మాత్రం నేను ఇంకా పలక పట్టుకున్న పిల్లనే, ఒక్క ముక్క సమయానికి దొరకదు. సూపర్వైజరు నా మీద ఎగిరిన రోజున ఫోన్ పెట్టుకుంటే, నువ్వు కోడల్ని నిలబెట్టి నాలుగు దులుపుతావు. నా కసి తీరిపోతుంది. ఇన్నాళ్ళూ నా కోపాలన్నీ నీ నోటితోనే తీర్చుకున్నాను. అది కూడా నిన్ను అడక్కుండానే అనుకో.

నా పని సంగతి నీకు తెలియదు కదూ. పెద్ద హోటలు, దాని కింద నేలమాళిగ, అందులో ఈ గది. దుప్పట్లని యంత్రం మింగి, మడతపెట్టి కక్కుతుంది. దిగినవాళ్ళ చొక్కాలు, కోట్లు మాత్రం చేత్తో చెయ్యాలి, అది నాది. గంజి డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుంటాను. పక్క బల్ల దగ్గర ఊడిన బొత్తాలు కుట్టే ఆవిడ ఉంటుంది. ఆవిడది ఇంకో దేశం, ఇంకో భాష. తెర కింద వచ్చే అనువాదం చదువుకుంటూ మూడేళ్ళుగా నాతోపాటే చూస్తోంది. ఒకరోజు నువ్వు కోడల్ని నీ మొహం మండా అన్నావు. ఈవిడ కింద అక్షరాలు చదివి, పాపం ఆ పిల్లకి ముఖం మండుతోందట, ఇంట్లో ఎవరూ మందు రాయరేం అని బాధపడింది. నేను నవ్వలేక చచ్చాను. నువ్వు మాత్రం నవ్వకే, నీకు పుణ్యముంటుంది.

ఆ గొంతు నా స్నేహితురాలిదని నేను చెప్పుకుంది ఆవిడ ఒక్కదానికే. మా అమ్మాయికి చెబితే ఎందుకు మాట్లాడుకోరు అని అడుగుతుంది. మా ఆయనకి చెప్పాలంటే ముందు ఆయన మేలుకోవాలి. అప్పట్నుంచి బొత్తాల ఆవిడ అత్తగారిని అత్తగారు అనదు, నీ స్నేహితురాలు అనే అంటుంది. ఇవాళ నీ స్నేహితురాలికి ఒళ్ళంతా కోపమే అంటుంది. భాగం అవగానే యాప్ చివరి పేర్లని ఓ మూలకి నెట్టేసి, తర్వాతి భాగం అయిదు సెకన్లలో అని తొందరపెడుతుంది. ఈవిడ సూది పక్కన పడేసి మరీ దాన్ని ఆపుతుంది. గాత్రదానం అన్న మాట కింద చీమ తలకాయంత అక్షరాల్లో నీ పేరు వస్తుంది. ఇద్దరం చూసుకుని మళ్ళీ పనిలో పడతాం.

అలాంటిది నెల కిందట ఒక భాగంలో అత్తగారు గదిలోంచి వచ్చి, పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడింది. అత్తయ్యగారు ఈ ఇంటి మంచి కోసం మౌనవ్రతం పట్టారు అని కోడలు అందరికీ ప్రకటించింది. ఆ అత్తగారికి మౌనవ్రతమా! మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కథలో ఎవరికైనా ఉన్నట్టుండి మౌనవ్రతమో, స్పృహ తప్పటమో వచ్చిందంటే ఆ గొంతు మనిషి స్టూడియోకి రాలేదన్నమాట. మనం చూడని భాగోతమా అది? మొదటి రోజు జలుబేమో అనుకున్నాను. నాలుగో రోజు జ్వరమేమో అనుకున్నాను. పద్దెనిమిది భాగాలు అత్తగారు పలక మీద రాసి చూపించింది. చివరి పేర్లలో నీ పేరు ఉండే చోట ఖాళీ. నీ స్నేహితురాలికి ఏమైంది అని బొత్తాల ఆవిడ రోజూ అడిగేది. స్నేహితురాలు అని గొప్పగా చెప్పుకుని, ఎలా ఉందో తెలియదంటే ఏం బావుంటుంది? సిగ్గేసింది. నీ పాత నంబరుకి చేశాను, అది ఎవరో ఎలక్ట్రీషియన్ ఎత్తాడు.

ఇంతలో మాస్టారి ఫోను. నా నంబరు మా వదిన దగ్గర పట్టారట. ఎలా ఉన్నావు లేదు, ఏం చేస్తున్నావు లేదు, చిలకా, గొంతు ఉందా అని అడిగారు. ఆ తర్వాత నీ సంగతంతా చెప్పారు. మూడు నెలలకి మాట వస్తుందట గానీ, ఆ గొంతే వస్తుందో, ఎంత వస్తుందో డాక్టరు చెప్పలేకపోతున్నాడట. చానల్ వాళ్ళు ఇంక ఆగరట. పలక చూసి చూసి జనం విసిగిపోయారట. కొత్త అమ్మాయిని పెడితే జనానికి ఆ గొంతే అలవాటైపోతుంది, నువ్వు కోలుకుని వచ్చేసరికి నీ కుర్చీ ఉండదు. అదే నేను అచ్చం నీలా చెబితే ఎవరికీ తేడా తెలియదు, నువ్వు రాగానే నేను లేచిపోవచ్చు. బస్సు కిటికీలోంచి సీట్లో రుమాలు వేసినట్టన్నమాట. ఇందుకోసం అక్కడికి రావక్కర్లేదట. బయటి చప్పుళ్ళు రాకుండా బట్టల అల్మరాలో దుప్పట్లు కట్టుకుని, మైకు పెట్టుకుని, చెప్పింది పంపితే చాలట. దుప్పట్లకి నాకేం కొదవ చెప్పు.

అసలు నాకిప్పుడు వస్తుందా అని శుక్రవారం పొద్దున అల్మరాలో దూరి తలుపు వేసుకున్నాను. నీలాగే ముక్కుతో ఊపిరి లాగి, ఏమ్మా లేచావా అన్నాను. టీవీ ఎవరు పెట్టారమ్మా అని మా అమ్మాయి హాల్లోంచి అరిచింది. సంతోషమా భయమా అని అడిగితే రెండూనే. కోట్ల మధ్య అలాగే కూర్చుండిపోయాను.

మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు. దానికి చెప్పకు, ఇప్పుడే పడి లేచింది, నొచ్చుకుంటుంది అన్నారు. అడగకుండా నేను చెయ్యనండీ అన్నాను. ఆయన సరే అన్నారు. తర్వాత నీ అడ్రసు చెప్పి, నెలాఖరు లోపల తేల్చమన్నారు.

టైరు షాపు మీద మొదటి అంతస్తులో మన స్టూడియో గుర్తుందా? టేకు మొదలవగానే ఫ్యాను ఆపేసేవాళ్ళు, చెమటతో కాగితాలు చేతికి అంటుకునేవి. పెళ్ళి సీన్లో నలభై మంది ఆడవాళ్ళమూ మనిద్దరమే, చావింట్లో ఏడ్చేవాళ్ళమూ మనమే. తర్వాత నీకు నీ గొంతు దొరికింది, పెద్ద పాత్రలు వచ్చాయి, నువ్వు కంచువయ్యావు. నాకు సొంత గొంతు దొరకలేదు, అందరి గొంతులూ వచ్చాయి. ఎవరైనా రాకపోతే రెండు ముక్కలు అతకటానికి నన్ను పిలిచేవారు. అలా చిలకనయ్యాను. దానికి మన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి గొంతునైనా ముట్టుకునే ముందు ఆ మనిషిని అడగాలి. ఇవాళ నీ గొంతు రెండు ముక్కలు వాడుకుంటానే అంటే, వాడుకోవే, అరగదీయకు అనేదానివి నువ్వు. ఎవరూ రాసి గోడకి అంటించలేదు, అయినా అందరం పాటించాం. ఆ ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి గురించి తలుచుకోని రోజు లేదు. నీ గొంతు వాచి నువ్వు రాలేదు. సోమవారానికల్లా డబ్బింగు పూర్తిచేసి సినిమా పంపెయ్యాలి. మిగిలింది ఆఖరి సీను, తల్లి జైలు ఊచల ఇవతల నిలబడి కొడుకుతో మాట్లాడే తొమ్మిది నిమిషాలు. శనివారం పొద్దున నువ్వు స్టూడియోకి ఫోన్ చేశావు, నేనెత్తాను. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాను, నాకోసం ఆపమని మాస్టారికి చెప్పు అన్నావు. ఆదివారం నువ్వు మెట్లెక్కి వచ్చేసరికి సీను అయిపోయి ఉంది. స్పీకర్లో నీ గొంతుతో నేను ఏడుస్తున్నాను. చెప్పినా ఆగలేదని నువ్వు మాస్టారిని కడిగిపారేశావు. నాకెవరూ చెప్పలేదని ఆయన, అబద్ధాలకోరని నువ్వు. ఆయన చెయ్యమంటే మాత్రం నన్ను అడగకుండా ఎలా చేశావే, నీకంటూ ఒక గొంతు లేదటే అని నన్నడిగావు. తర్వాత ఆ సీనుకే సభలో నీకు శాలువా కప్పారు. మర్నాడు దాన్ని తెచ్చి నా బెంచీ మీద పడేసి, మాట లేకుండా వెళ్ళిపోయావు. ఆర్నెల్లకి నేను మా ఆయనతో ఇక్కడికి వచ్చేశాను. మాస్టారి దగ్గర నువ్వు పదేళ్ళకి పైగా పనే చెయ్యలేదని విన్నాను. ఈ సీరియల్‌కి మళ్ళీ కలిసినా, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడవట.

అందుకని ఈసారి పద్ధతి ప్రకారం అడుగుతున్నానే. నీ గొంతు మూడు నెలలు వాడుకోనా? అరగదీయను. నువ్వు వచ్చిన రోజున దులిపి, ఇస్త్రీ చేసి, నీ చేతిలో పెడతాను. వద్దంటే వద్దు. నాకు గొంతు పోయిందని మాస్టారికి నేనే చెప్పేస్తాను, ఆయన ఎవరినో చూసుకుంటారు.

నువ్వు రాయక్కర్లేదు, పలకక్కర్లేదు. కవరు వెనక నా నంబరు రాశాను, ఫోన్ చెయ్యి. ఊపిరి తీసుకుంటే చాలు, నువ్వేనని తెలుస్తుంది. మన అద్దం గుర్తుంది కదా, టేకు బాగుంటే గోరుతో రెండుసార్లు కొట్టేవాళ్ళం, మళ్ళీ చెప్పాలంటే ఒకసారి. ఫోను మీద అలాగే కొట్టు. రెండంటే సరే. ఒకటంటే వద్దు.

వేళకి మందులు వేసుకో. చల్లటివి తాగకు. ఎవరైనా పలకరిస్తే అత్తగారిలా పలక చూపించు.

ఇట్లు,
నీ చిలక
(నీ అన్న మాట నచ్చకపోతే కొట్టెయ్యి)

తా.క.: ఉత్తరం కవరులో పెట్టేశాను. భోజనాల వేళ అయిపోయి బొత్తాల ఆవిడ వచ్చింది. నీ స్నేహితురాలికి అంతా చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను. ఆ మాట వచ్చిన తీరు నా చెవికే నచ్చలేదు. మాస్టారు ఉంటే మళ్ళీ అనేవారు. కవరు విప్పాను.

ఆ శనివారం నువ్వు ఫోన్లో చెప్పిన మాట నేను మాస్టారికి చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆయన పది అడుగుల దూరంలో, అద్దం అవతలే ఉన్నారు. కంచు నుంచి కబురేమైనా వచ్చిందా అని నన్ను అడిగారు కూడా. రాలేదండీ అన్నాను. అయితే నువ్వే చెప్పు చిలకా అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదే. నా అబద్ధాన్ని పద్నాలుగేళ్ళు ఆయన మోశారు. మీ ఇద్దరూ అలా అరుచుకుంటుంటే మధ్యలో నిలబడి కూడా నేను నోరు మెదపలేదు. ఎందుకు చేశావే అంటావు. ఎప్పుడూ రెండు ముక్కలు అతకటమేనా, ఒక్కసారి ఒక మనిషి దుఃఖం మొదలు నుంచి చివరిదాకా నేనే చెప్పాలనిపించింది. చెప్పాను. అదీ నీ గొంతుతోనే చెప్పాను. శాలువా పెట్టెలో ఉంది, ఒక్కరోజు కూడా కప్పుకోలేదు.

ఇది రాయకుండా కవరు అంటించి ఉంటే నువ్వు రెండుసార్లు కొట్టేదానివేమో. అలా వచ్చిన సరే నాకు వద్దు. నువ్వేమన్నా అనకపోయినా, మాస్టారికి ఇవాళ సాయంత్రం ఫోన్ చేసి నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతాను. నిన్ను అడిగే ముఖం నాకు లేదు. ఒక్కటే కొడతావో, కొట్టకుండానే పెట్టేస్తావో, అసలు చెయ్యవో నీ ఇష్టం. చేస్తే మాత్రం ఫోన్ నేనే ఎత్తుతాను. ఈసారి నువ్వు చెప్పింది చెప్పినట్టు ఆయనకి చేరుస్తాను.